పప్పుపులుసు

పప్పుపులుసు తెలుగువారి శాకాహార వంటకాలలో ఒకటి. మెత్తగా ఉడికించిన కందిపప్పును, పెద్ద ముక్కలుగా తరిగిన కూరగాయలను చింతపండు రసంలో కలిపి, ఉప్పు, కారం, బెల్లం వేసి కాచి, చివర పోపు పెట్టి దీనిని తయారు చేస్తారు. దీనినే ముక్కల పులుసు అని కూడా కొన్ని ప్రాంతాలలో అంటారు. వేడి అన్నంలో కలుపుకొని, అప్పడాలు లేదా వడియాలు నంజుకొని తినడం ఆచారం. నెయ్యికి బదులు నూనెతో పోపు పెట్టినచో ఇందులో జంతు సంబంధమైన పదార్థమేదీ ఉండదు. పప్పు, కూరగాయలు, అన్నం మూడూ కలిసిన భోజనం కావడం వలన ఖర్చు తక్కువలో ఎక్కువ మందికి పుష్టినిచ్చే వంటకంగా దీనికి పేరున్నది.

ఈ వంటకం రుచి ముఖ్యంగా ఒక నియమంపై ఆధారపడి ఉంటుంది. పప్పు పూర్తిగా మెత్తబడిన తరువాతనే పులుపు కలపాలి. ఈ నియమానికి గల కారణము, దానితో పాటు తాగునీటికీ పప్పు ఉడకడానికీ గల సంబంధము క్రింద వివరించబడినవి.

పేరు

పప్పు, పులుసు అను రెండు మాటల కలయిక వలన ఈ పేరు ఏర్పడింది. పులుసు అనగా పుల్లని రసం. తెలుగులోని పులుపు, తమిళంలోని పుళి, కన్నడంలోని హుళి ఒకే మూలానికి చెందిన ద్రావిడ పదాలు. కన్నడ ప్రాంతంలో పప్పు, కూరగాయలు కలిపి చేసే ఇటువంటి వంటకాన్ని హుళి అనే పిలుస్తారు.

పప్పుపులుసుకు దగ్గరి వంటకాలు మరికొన్ని ఉన్నాయి. వాటి మధ్య తేడాలు ఇంటింటికీ, ఊరూరికీ మారుతుంటాయి. స్థూలంగా ఇలా చెప్పవచ్చు.

* పప్పుచారు: పప్పు తక్కువ, నీరు ఎక్కువ. ముక్కలు కొద్దిగా ఉంటాయి, లేదా ఉండవు.
* దప్పళం: అనేక రకాల కూరగాయల పెద్ద ముక్కలతో విందులలో చేసే పులుసు. గుమ్మడికాయ ఇందులో ముఖ్యం. కొందరు పప్పు వేస్తారు, కొందరు బియ్యప్పిండి లేదా శనగపిండి కలిపి చిక్కబరుస్తారు.
* సాంబారు: ధనియాలు, ఎండుమిర్చి, మెంతులు మొదలైనవి వేయించి కొట్టిన పొడితో చేసేది. ఇది తమిళ ప్రాంతం నుండి వ్యాపించింది.

పదార్థాల పుట్టుక

పప్పుపులుసులో వాడే పదార్థాలు మూడు ఖండాలకు చెందినవి. కంది భారతదేశపు పంట. దీని పూర్వరూపమైన అడవి మొక్క ఒడిషా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలలో, తూర్పు కనుమలలో నేటికీ కనిపిస్తుంది. వంకాయ, మునగ కూడా ఈ దేశానికి చెందినవే. చింత, సొర ఆఫ్రికాలో పుట్టి చాలా ప్రాచీన కాలంలోనే ఇక్కడికి చేరాయి. మిరప, టమాటా, చిలగడదుంప, తియ్యగుమ్మడి అమెరికా ఖండాలకు చెందినవి. కొలంబస్ యాత్రల తరువాత, అనగా 1492 తరువాత, ఇవి ఐరోపా వర్తకుల ద్వారా, ముఖ్యంగా పోర్చుగీసు వారి ద్వారా, భారతదేశానికి వచ్చాయి. అంతకు ముందు వంటలలో కారానికి మిరియాలు వాడేవారు. నేడు సంప్రదాయ వంటకంగా భావించే పప్పుపులుసు యొక్క ఎర్రని రంగు, ఘాటు ఈ విధంగా గత నాలుగైదు వందల ఏళ్ళలో వచ్చి చేరినవే.

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972 లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ పరిశోధించే ముఖ్య పంటలలో కంది ఒకటి. ఈ సంస్థ నేతృత్వంలో జరిగిన పరిశోధన ఫలితంగా 2011 లో కంది జన్యుక్రమం వెలువడింది. గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి ఎల్.ఆర్.జి. 41 వంటి కంది రకాలు వచ్చాయి. తెలంగాణలోని తాండూరు కందికి 2022 లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తిరువూరు ప్రాంతంలో

తిరువూరు ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ జిల్లాకు చెందిన పట్టణము, మండల కేంద్రము, రెవెన్యూ డివిజను కేంద్రము. 2022 ఏప్రిల్ 4 న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. 2014 జూన్ 2 న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పటి నుండి ఖమ్మం జిల్లా వైపు ఉన్న దీని ఎల్లలు రాష్ట్ర సరిహద్దుగా మారాయి. కృష్ణా డెల్టాకు ఎగువన ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో మామిడి, మిరప, పత్తి, వరి పండిస్తారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు చివరి భాగం ఇక్కడి వరకు విస్తరించి ఉంది.

మెట్ట పొలాలలో కందిని ఒంటరి పంటగా కంటే అంతరపంటగానో, గట్ల వెంబడి వరుసగానో వేయడం తెలుగునాట చాలాచోట్ల ఉన్న పద్ధతి. కంది వేరు భూమిలోకి లోతుగా దిగడం వలన బెట్టను తట్టుకుంటుంది. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. తొలకరిలో విత్తిన పంట సాధారణంగా సంక్రాంతి ప్రాంతంలో చేతికి వస్తుంది. అదే సమయానికి గుమ్మడి, చిక్కుడు, వంగ, చిలగడదుంప కూడా సమృద్ధిగా దొరుకుతాయి. అందువలన పప్పు, ముక్కలు కలిసిన పులుసులకు సంక్రాంతి రోజులు అనువైన కాలం. మామిడి తోటలున్న ఈ ప్రాంతంలో వేసవి రాగానే చింతపండు స్థానంలో పచ్చిమామిడికాయ పులుపు వాడుకలోకి వస్తుంది.

ఈ ప్రాంతంలో తాగునీటి సమస్య పేరెన్నిక గన్నది. తిరువూరుకు పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలంలోని తండాలలో అనేకమంది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి బారిన పడ్డారు. కారణాలను వెదికే క్రమంలో భూగర్భజలాల నాణ్యత పరిశీలనకు వచ్చింది. ఈ గ్రామాలకు కృష్ణా జలాలను గొట్టాల ద్వారా తెచ్చే పథకం చేపట్టబడింది. నీటికి, పప్పు వంటకాలకు ఉన్న సంబంధం దృష్ట్యా ఈ విషయం ప్రస్తావించదగినది.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలు ఆరుగురికి సరిపోతాయి.

* కందిపప్పు: 300 గ్రాములు
* కూరగాయ ముక్కలు: 750 గ్రాములు (సొరకాయ, తియ్యగుమ్మడికాయ, వంకాయ, బెండకాయ, ములక్కాడ, చిలగడదుంప మొదలైన వాటిలో నాలుగైదు రకాలు)
* చిన్న ఉల్లిపాయలు: 10 (పెద్దవైతే రెండు)
* పచ్చిమిరపకాయలు: 4
* టమాటాలు: 2
* చింతపండు: పెద్ద నిమ్మకాయంత
* కారం: ఒకటిన్నర చెంచా
* ధనియాల పొడి: రెండు చెంచాలు
* పసుపు: పావు చెంచా
* బెల్లం: చిన్న ముక్క
* బియ్యప్పిండి: ఒక చెంచా (అవసరమైతే)
* ఉప్పు: తగినంత
* కొత్తిమీర: ఒక చిన్న కట్ట

పోపునకు: నూనె రెండు పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, కొద్దిగా మెంతులు, ఎండుమిరపకాయలు మూడు, చిదిమిన వెల్లుల్లి రేకలు ఆరు, ఇంగువ చిటికెడు, కరివేపాకు రెండు రెమ్మలు. వెల్లుల్లి, ఉల్లి తినని వారు వాటిని విడిచి ఇంగువ కాస్త ఎక్కువ వేస్తారు.

తయారుచేయు విధానము

# కందిపప్పును కమ్మని వాసన వచ్చే వరకు సన్నని సెగపై దోరగా వేయించి, రెండు మూడు సార్లు కడిగి, అరగంట సేపు నానబెట్టవలెను. పచ్చిపప్పునే వండదలచినచో వేయించుట మానవచ్చును.
# పప్పునకు మూడింతల నీరు పోసి, పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి మెత్తగా ఉడికించవలెను. నూనె వేయుట వలన నురగ పొంగదు. ప్రెషర్ కుక్కరులో నాలుగు కూతలు సాధారణంగా సరిపోతాయి. పప్పు గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కినపుడు లోపల పలుకు తగలరాదు. తరువాత పప్పుగుత్తితో మెదపవలెను.
# చింతపండును వేడినీటిలో నానబెట్టి, చిక్కని రసం తీసి, పిప్పిని పారవేయవలెను.
# కూరగాయలను అంగుళమున్నర ముక్కలుగా తరగవలెను. వంకాయ ముక్కలను కనరెక్కకుండా ఉప్పునీటిలో వేసి ఉంచవలెను. బెండకాయ ముక్కలను కొద్ది నూనెలో వేయించినచో జిగురు రాదు.
# వెడల్పైన గిన్నెలో నీరు మరిగించి, ముందుగా ఉడకడానికి ఎక్కువ సమయం పట్టే ములక్కాడ, చిలగడదుంప, ఉల్లిపాయలు వేయవలెను. అయిదారు నిమిషాల తరువాత గుమ్మడి, సొర, వంకాయ, పచ్చిమిరపకాయలు వేయవలెను.
# ముక్కలు ముప్పాతిక వంతు ఉడికిన తరువాత చింతపండు రసం, టమాటాలు, వేయించిన బెండకాయలు, ఉప్పు, కారం, ధనియాల పొడి, బెల్లం వేసి, పులుసులో పచ్చివాసన పోయే వరకు సుమారు పది నిమిషాలు మరగనివ్వవలెను.
# మెదిపిన పప్పును కలిపి, అడుగంటకుండా తిప్పుతూ సన్నని సెగపై మరో పది నిమిషాలు కాచవలెను. పలుచగా ఉన్నచో బియ్యప్పిండిని చల్లని నీటిలో జారుగా కలిపి పోయవలెను.
# నూనె కాగిన తరువాత ఆవాలు, మినప్పప్పు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వరుసగా వేసి వేయించి పులుసులో కలుపవలెను. కొత్తిమీర చల్లి మూత పెట్టవలెను.

పులుసు చల్లారే కొద్దీ పప్పు నీటిని పీల్చుకొని గట్టిపడుతుంది. కనుక దించే సమయానికి కావలసిన దానికంటే కొంచెం పలుచగా ఉండటం మంచిది.

పులుసు కాచే పాత్రలు

పూర్వం పులుసులను రాచ్చిప్పలలో కాచేవారు. రాచ్చిప్ప అనగా మెత్తని రాతితో తొలిచిన పాత్ర. ఇది పులుపునకు చెడదు, దించిన తరువాత కూడా చాలాసేపు వేడిని నిలుపుతుంది. ఇత్తడి గిన్నెలలో కాచినచో లోపల తగరపు కళాయి తప్పనిసరిగా ఉండాలి. కళాయి పోయిన ఇత్తడి పాత్రలో చింతపండు పులుపు వలన రాగి కరిగి ఆహారంలో చేరి, వాంతులు, కడుపునొప్పి కలిగించవచ్చు. అల్యూమినియం పాత్రలు కూడా పులుపుతో చర్య జరుపుతాయి. ఈనాడు ఎక్కువగా వాడే స్టీలు పాత్రలతో ఈ ఇబ్బంది లేదు.

పప్పు ఉడకకపోవడానికి కారణాలు

పప్పు గింజలోని కణాలను, కూరగాయలలోని కణాలను పెక్టిన్ అను పదార్థం ఒకదానికొకటి అంటించి ఉంచుతుంది. వేడినీటిలో ఇది క్రమంగా కరగడం వలన కణాలు విడిపోయి పప్పు మెత్తబడుతుంది. ఈ కరగడాన్ని అడ్డుకొనే అంశాలు ముఖ్యంగా మూడు.

పులుపు: ఆమ్లం ఉన్న నీటిలో పెక్టిన్ నెమ్మదిగా కరుగుతుంది. చింతపండు, మామిడికాయ, టమాటా, నిమ్మరసం వంటి వాటిని ముందే వేసినచో పప్పు ఎంతసేపు కాచినా పలుకుగా ఉండిపోవచ్చు. అయితే ఇదే గుణం ముక్కలకు మేలు చేస్తుంది. ముప్పాతిక వంతు ఉడికిన సొరకాయ, గుమ్మడికాయ ముక్కలు పులుసులో పడిన తరువాత చిదిరిపోకుండా ఆకారం నిలుపుకుంటాయి. పప్పును వేరుగా, ముక్కలను వేరుగా ఉడికించి, నడుమ పులుపు చేర్చే సంప్రదాయ క్రమంలోని ప్రయోజనం ఇదే. పప్పును చెడగొట్టే పులుపు ముక్కలను కాపాడుతుంది.

కఠినజలం: కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠినజలం అంటారు. ఈ లవణాలు పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. ఒకే పప్పు ఒక ఊరి నీటిలో త్వరగా, మరొక ఊరి నీటిలో ఆలస్యంగా ఉడకడానికి కారణం ఇదే. పల్లెలలో ఒక బావి నీరు మంచిదా కాదా అన్నది పప్పు ఉడికే తీరును బట్టి చెప్పుకోవడం పాత అలవాటు. ఈ పరీక్ష నీటి కఠినత్వాన్ని మాత్రమే సూచిస్తుంది. ఫ్లోరైడు వంటి హానికరమైన పదార్థాలు ఉన్నదీ లేనిదీ దీని వలన తెలియదు. దానికి ప్రయోగశాల పరీక్ష అవసరం. నీటిని మరిగించి తేర్చినచో తాత్కాలిక కఠినత్వం తగ్గుతుంది. కానీ ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది.

నిల్వ: ఎక్కువ కాలం వేడి, తేమ తగిలేచోట నిల్వ ఉన్న పప్పు గట్టిపడి ఆలస్యంగా ఉడుకుతుంది. ముందుగా నానబెట్టడం వలన కొంత ఫలితం ఉంటుంది.

ఉప్పు ముందు వేస్తే పప్పు ఉడకదని ఒక నమ్మకం ఉంది. నిజానికి పులుపు, కఠినజలం కలిగించేంత ఆటంకం ఉప్పు కలిగించదు. పప్పు త్వరగా ఉడకడానికి కొందరు తినే సోడా వేస్తారు. సోడా పెక్టిన్‌ను త్వరగా కరిగించే మాట వాస్తవమే అయినా, అది పప్పులోని థయామిన్ అను బి1 విటమినును నశింపజేస్తుంది. కనుక ప్రెషర్ కుక్కరు వాడటం దీనికంటే మేలు.

పోషక విలువలు

ఎండు కందిపప్పు 100 గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పై కొలతలలో ఒక్కొక్కరికి 50 గ్రాముల పప్పు, అనగా సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. దానితో 150 గ్రాముల బియ్యం వండుకున్నచో మరో 11 లేదా 12 గ్రాములు చేరతాయి. భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020 లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం 65 కిలోల బరువున్న పురుషునికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు, 55 కిలోల బరువున్న స్త్రీకి సుమారు 46 గ్రాములు కావాలి. ఈ లెక్కన ఒక పూట అన్నం, పప్పుపులుసు రోజువారీ అవసరంలో దాదాపు సగం తీరుస్తాయి.

మాంసకృత్తుల పరిమాణంతో పాటు వాటి నాణ్యత కూడా ముఖ్యం. బియ్యంలో లైసిన్ అను ఆమినో ఆమ్లం తక్కువ, అది పప్పులో ఎక్కువ. పప్పులో మిథియోనిన్ తక్కువ, అది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిపి తిన్నపుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ధాన్యాలు మూడు పాళ్ళు, పప్పులు ఒక పాలు ఉండేలా తినవలసిందిగా సూచిస్తున్నది. పై కొలతలు ఈ నిష్పత్తిలోనే ఉన్నాయి. పప్పు తగ్గించి నీరు పెంచినచో పులుసు రుచి నిలిచినా ఈ ప్రయోజనం నిలువదు.

ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకంలో కూడా పప్పునకు కొలత ఉంది. ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ప్రాథమికోన్నత తరగతులవారికి 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు నిర్దేశించబడ్డాయి. ఈ పథకానికి కేంద్రం 2021 లో పి.ఎం. పోషణ్ అని పేరు మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 లో దీనికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా పేరు పొందిన మహిళ డొక్కా సీతమ్మ.

పప్పు ధర పెరిగినపుడు మొదట తగ్గేది పేదవారి కంచంలోని పప్పే. 2015 అక్టోబరులో దేశంలోని పలు నగరాలలో కందిపప్పు కిలో ధర 200 రూపాయలకు చేరింది. దేశీయ దిగుబడి చాలనపుడు మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీ దేశాల నుండి కందులు దిగుమతి అవుతాయి. పప్పుధాన్యాల ప్రాముఖ్యాన్ని తెలియజేయడానికి ఐక్యరాజ్యసమితి 2016 ను అంతర్జాతీయ పప్పుధాన్యాల సంవత్సరంగా పాటించింది. 2019 నుండి ఏటా ఫిబ్రవరి 10 న ప్రపంచ పప్పుధాన్యాల దినోత్సవం జరుగుతున్నది.

వీగన్ ఆహారంగా

మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా విడిచిపెట్టే ఆహార పద్ధతిని వీగన్ ఆహారం అంటారు. ఈ పేరుతో మొదటి సంఘం 1944 లో ఇంగ్లాండులో డొనాల్డ్ వాట్సన్ మరియు అతని మిత్రులు స్థాపించారు. నవంబరు 1 ని 1994 నుండి ప్రపంచ వీగన్ దినంగా జరుపుతున్నారు. తెలుగువారి శాకాహారంలో పాలు, పెరుగు, నెయ్యి ముఖ్యమైనవి కనుక శాకాహారమంతా వీగన్ ఆహారం కాదు. పప్పుపులుసులో మాత్రం నేతి పోపు, వడ్డించేటప్పుడు వేసే నెయ్యి తప్ప పాలపదార్థమేదీ లేదు. వాటికి బదులు నువ్వులనూనె లేదా వేరుశనగనూనె వాడవచ్చు. ఇంగువ ఒక మొక్క వేరు నుండి కారే పాలు గట్టిపడగా వచ్చినది. అయితే బజారులో దొరికే ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివారు దీనిని గమనించవలసి ఉంటుంది.

పాలు పూర్తిగా మానినవారికి రెండు లోట్లు ఏర్పడే అవకాశం ఉంది. మొదటిది బి12 విటమిను. ఇది మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. దీని లోపం వలన రక్తహీనత, నరాల జబ్బులు కలుగుతాయి. వీగన్ ఆహారం తినేవారు బి12 చేర్చిన ఆహారమో, మాత్రలో తీసుకోవడం తప్పనిసరి. ఎంత పప్పు తిన్నా ఈ లోటు తీరదు. రెండవది కాల్షియం. రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర వంటి వాటితో దీనిని కొంతవరకు భర్తీ చేయవచ్చు. పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిను తోడ్పడుతుంది. వంటలో ఈ విటమిను చాలావరకు నశిస్తుంది కనుక భోజనంలో నిమ్మరసం పిండుకోవడం, జామపండు తినడం మంచిది. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము సరిగా పట్టదు.

చిల్లీతో పోలిక

అమెరికాలో చిల్లీ అను పేరుతో ప్రసిద్ధమైన వంటకం ఉంది. ఎండుమిరపకాయలతో మాంసాన్ని చిక్కగా ఉడికించడం దీని మూలరూపం. 1977 లో టెక్సాస్ రాష్ట్రం దీనిని తన అధికారిక వంటకంగా ప్రకటించింది. చిల్లీ అను మాట మెక్సికో ప్రాంతపు నహువాటల్ భాషలో మిరపకాయకు పేరు. మాంసం లేకుండా రాజ్మా, మసూరపప్పు, టమాటాలు, మొక్కజొన్న, క్యాప్సికం వేసి చేసే చిల్లీ వీగన్ వంటకాలలో ఒకటిగా వ్యాపించింది.

పప్పుపులుసుకు, ఈ చిల్లీకి పోలిక స్పష్టం. రెండింటిలోనూ పప్పు ధాన్యం, కూరగాయలు, కారం, పులుపు ఉన్నాయి. అక్కడ పులుపు టమాటాది, ఇక్కడ చింతపండుది. అక్కడ జీలకర్ర పొడిగా కలుస్తుంది, ఇక్కడ పోపులో వేగుతుంది. పులుపు విషయంలో నియమం రెండింటికీ ఒకటే. టమాటాలు ముందే వేసిన చిల్లీలో రాజ్మా గింజలు గట్టిగా మిగులుతాయి. విదేశాలలోని తెలుగువారు కందిపప్పు దొరకనపుడు మసూరపప్పుతో పప్పుపులుసు చేసుకోవచ్చు. పొట్టు తీసిన మసూరపప్పు నానబెట్టకుండానే పావుగంటలో ఉడుకుతుంది.

జాగ్రత్తలు

* రాజ్మా: పచ్చి రాజ్మా గింజలలో లెక్టిన్ జాతికి చెందిన విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. గింజలను కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించి, తరువాత మెత్తగా ఉడికించాలి. సన్నని వేడిపై గంటల తరబడి ఉడికించే విద్యుత్ పాత్రలలో పచ్చి గింజలను నేరుగా వేయరాదు. కందిపప్పు, మసూరపప్పులతో ఈ ప్రమాదం లేదు.
* కల్తీ: కందిపప్పులో కేసరిపప్పు కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. కేసరిపప్పును చాలాకాలం ప్రధానాహారంగా తిన్నవారికి కాళ్ళు చచ్చుబడే లాథిరిజం అను వ్యాధి రావచ్చు. కందిపప్పు బద్ద గుండ్రంగా ఉంటుంది. కేసరిపప్పు అంచులు పలకలుగా, ఒకవైపు ఏటవాలుగా ఉంటాయి. మెటానిల్ పసుపు అను నిషిద్ధ రంగు పూసిన పప్పు కూడా హానికరం. కడిగిన నీరు చిక్కని పసుపు రంగులోకి మారితే అనుమానించాలి.
* మూత్రపిండ వ్యాధి: ఆరోగ్యవంతులకు బలమిచ్చే ఈ వంటకం మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అదే కొలతలో సరిపడకపోవచ్చు. పప్పు, టమాటా, చిలగడదుంప, ములక్కాడలలో పొటాషియం ఎక్కువ. డయాలిసిస్‌కు ముందు దశలలో మాంసకృత్తులు తగ్గించమని, డయాలిసిస్ మొదలైన తరువాత పెంచమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. కనుక ఒక రోగికి చెప్పిన పథ్యం మరొకరికి వర్తించదు. పప్పు ఎంత తినాలన్నది వైద్యుని సలహా ప్రకారమే నిర్ణయించుకోవాలి. తరిగిన ముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని వార్చినచో పొటాషియం కొంత తగ్గుతుంది.
* నిల్వ: పప్పు కలిసిన పులుసు వేసవిలో త్వరగా పులిసిపోతుంది. మిగిలినదానిని రెండు గంటలలోగా శీతల పేటికలో ఉంచి, తినే ముందు బాగా తెర్లేలా కాచాలి.

రకాలు

* గుమ్మడికాయ పప్పుపులుసు: తియ్యగుమ్మడితో చేస్తారు. ఇందులో బెల్లం తగ్గించవచ్చు.
* సొరకాయ పప్పుపులుసు: చలువ చేస్తుందని వేసవిలో వండుతారు.
* మామిడికాయ పప్పుపులుసు: చింతపండునకు బదులు పచ్చిమామిడి ముక్కలను వేరుగా ఉడికించి కలుపుతారు.
* తోటకూర పప్పుపులుసు: తోటకూర కాడలను అంగుళం ముక్కలుగా విరిచి వేస్తారు.
* పెసరపప్పు పులుసు: పెసరపప్పు తేలికగా అరుగుతుందని పిల్లలకు, జబ్బుపడి లేచినవారికి పెడతారు.

నుడికారంలో, సాహిత్యంలో

తెలుగువారి మాటలలో పప్పు ప్రస్తావన విస్తారంగా కనిపిస్తుంది. పెళ్ళి ఎప్పుడని అడగడానికి పప్పన్నం ఎప్పుడు పెడతావని అంటారు. పొరపాటు చేయడాన్ని పప్పులో కాలు వేయడం అంటారు. ఒకరి ఎత్తులు మరొకరి వద్ద సాగకపోతే పప్పులు ఉడకలేదంటారు. నీటిని బట్టి, చేర్చిన పులుపును బట్టి పప్పు ఉడకక మొండికేసే సంగతి గృహిణులకు అనుభవంలో ఉన్నదే కనుక ఈ మాట అందరికీ తేలికగా అర్థమవుతుంది.

1957 లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్ చలనచిత్రంలో ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి.రంగారావు పెళ్ళివారి వంటకాలను ఆరగించే ప్రసిద్ధ గీతంలో దప్పళం పేరు కూడా వినిపిస్తుంది. పెళ్ళి విందులో గారెలు, బూరెలు, లడ్డులతో సమానంగా ముక్కల పులుసు కూడా నిలిచిందనడానికి ఇది నిదర్శనం.

ఇవి కూడా చూడండి

* కంది
* చింతపండు
* దప్పళం
* పప్పుచారు
* సాంబారు
* పోపు
* తిరువూరు
* జాతీయ పోషకాహార సంస్థ